కూర్చున్న వరస

మావారు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఈమధ్య ఆ కుందేలు విటమిన్ మాత్ర. ఎముకలకొకటి, కండలకొకటి, నరాలకొకటి తెచ్చి అత్తయ్య చేత మింగిస్తారు. "మాత్రలు సరే, కాళ్లకు పని చెప్పండి. కింద కూర్చుని లేవడం రోజూ చేయించండి" అని డాక్టరమ్మ చెబితే, "ఈ వయసులో కసరత్తులా!" అని నవ్వేశారు.

అంతకుముందు అత్తయ్య ఒకసారి బాత్రూంలో జారారు. ఆ రోజే తీర్పు వచ్చేసింది. "అమ్మా, ఇంకోసారి పడ్డావంటే మేడ గది ఖాళీ చేసి కిందికొచ్చెయ్యాలి."

కింద గదంటే వంటింటి వెనక సామాన్ల గది. కిటికీ లేదు. మేడ గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను ఉంది. వీధిలో సగంమంది చిరుగులు ఆ వెలుతురులోనే బాగవుతాయి. ఆ మిషను ఆగితే ఆవిడ ఏమైపోతారో అని నాకు భయం. పొద్దున్నే పైనుంచి దబదబా చప్పుళ్లు వస్తే, "మిషను జరుపుతున్నానే" అనేవారు.

నిన్న మాత్రలు అయిపోయాయి. మావారు స్కూటరుకు చోటు వెతుక్కుంటుంటే మేమిద్దరం మందుల షాపులోకి వెళ్లాం. అప్పుడే తుడిచిన నేల. కౌంటరు దగ్గర అత్తయ్య కాలు జర్రున జారింది. నా చెయ్యి ఊతంగా దొరికి మెల్లిగానే దిగారు కానీ, దిగింది మాత్రం నేల మీదికే.

"అత్తయ్యా, దెబ్బ తగిలిందా?"

"అరవకు. నేను పడలేదు, కూర్చున్నాను" అన్నారు పళ్లబిగువున. కాళ్లు సర్దుకుని, సంచిలోంచి ఎవరిదో ప్యాంటు తీసి అంచు కుట్టడం మొదలుపెట్టారు.

"పెద్దావిడ పడ్డారా?" అని ఎవరో అడిగారు. మందులాయన మొహం పాలిపోయింది. అత్తయ్యను చూపించే కదా ఆయన అందరికీ ఆ మాత్రలు అమ్ముతున్నది!

"పడడమేంటండీ, మా మాత్రలు వాడే మనిషి! ఇక్కడ అందరం ఇలాగే కూర్చుంటాం" అంటూ కౌంటరు దాటి వచ్చి, ఆవిడ పక్కన తనూ చతికిలబడ్డాడు.

దగ్గుమందుకోసం వచ్చినావిడ ఇదేదో కొత్త పద్ధతి అనుకుని ఆయన వెనక కూర్చుంది. ఆవిడ వెనక రిటైరైన మేష్టారు, ఆయన వెనక ఒక పోలీసు. గుంపులో గోవిందా అని నేనూ కూర్చున్నాను. కౌంటరు వెనక మందులిచ్చే మనిషే లేడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. వరసంటూ ఉంది కదా, అది చాలు.

మావారు వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. "అమ్మా! పడ్డావా?"

"వరసలో ఉన్నానురా."

"ముందు లే."

"ఏమండీ, మధ్యలో దూరతారేంటి? వెనక్కెళ్లి కూర్చోండి" అని పోలీసు గద్దించాడు. ఇంట్లో పులి అయిన మావారు పిల్లిలా చివరికెళ్లి కూర్చున్నారు.

కాసేపటికి దగ్గుమందావిడకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఇస్తానంటూ మందులాయన లేవబోయి లేవలేకపోయాడు. మేష్టారి మోకాళ్లు పట్టేశాయి. పోలీసుకు బొజ్జ అడ్డొచ్చింది.

అత్తయ్య సూది ప్యాంటుకు గుచ్చి సంచిలో పెట్టారు. పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికొచ్చి, కౌంటరు పట్టుకుని, ఒక పాదం మోపి లేచి నిలబడ్డారు. పొద్దుటి చప్పుళ్లు మిషను జరపడానివి కావని, డాక్టరమ్మ చెప్పిన కసరత్తువని నాకప్పుడు తెలిసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఒక్కొక్కరికీ ఎలా లేవాలో చెప్పి లేపారు. మావారు మాత్రం, "నాకక్కర్లేదమ్మా" అని విసురుగా లేచారు. తిమ్మిరెక్కిన కాలు నిలబడనిస్తేగా! విటమిన్ డబ్బాల స్టాండును కావలించుకుని వెల్లకిలా పడ్డారు. డబ్బాలన్నీ ఆయన మీదే.

అత్తయ్య వంగి చూశారు. "పడ్డావా నాన్నా?"

మావారు పోలీసును చూశారు, మందులాయనను చూశారు, నన్ను చూశారు.

"లేదమ్మా. కూర్చున్నా."

"అదీ. పడితే మాత్రం కింద గదే."

సాయంత్రం పైన మిషను ఆడుతోంది. మావారు నడుము పట్టుకుని మెట్ల దగ్గర చాలాసేపు తచ్చాడారు. చివరికి, "అమ్మా, ఆ లేవడం ఎలాగో నాకోసారి చూపిస్తావా?" అని అడిగారు.

మిషను ఆగింది. "పైకి రా. గోడ పట్టుకుని ఎక్కు."