మీటరు పేరు మార్పిడి

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో ఐదుగురికి స్నానాల నీళ్లు కాచే పని నాది. పెరట్లో నీళ్ల పొయ్యి ముందు కూర్చుని, తడి కట్టెల్ని ఊదీ ఊదీ మండిన కళ్లతోనే పిల్లల టిఫిన్లు కట్టి, మా ఆయన రాజేందర్‌కి తువ్వాలు అందించాలి. పదమూడేళ్లుగా ఇదే. "డిగ్రీ సదివిన కోడలట, పొయ్యి ఊద రాదట" అని అత్తమ్మ ఎల్లవ్వ మొదటి ఏడాది వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వింది. తర్వాత నాకు ఊదడం వచ్చింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు పొగకి చిన్నదాని దగ్గు తగ్గక, డాబా మీద సోలార్ పలకలు, స్నానాల గదిలో గీజరు పెట్టిద్దామన్నాను. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. "ఫారాలు నింపుడు నాతోని కాదు. నువ్వు ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద" అన్నాడు రాజేందర్. కోరుట్లలో మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఆయనది. నిబంధనలన్నీ రెండుసార్లు చదివి నేనే అర్జీ పెట్టాను. తిరిగొచ్చింది. మీటరు మా మామ పోచయ్య పేరున ఉందట. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మా గల్లీలో సగం మీటర్లు పోయినవాళ్ల పేర్ల మీదే తిరుగుతుంటాయి. బిల్లు కడుతున్నంత కాలం ఎవరూ అడగరు. నెలనెలా ఆ బిల్లు కట్టే నేనూ పేరు చూడలేదు.

పేరు మార్చాలంటే అత్తమ్మ అభ్యంతరం లేదని రాసివ్వాలి. రాజేందర్ ఎన్నడూ లేనిది తనే జగిత్యాల పోయి స్టాంపు కాగితాలు రాయించుకొచ్చాడు. ఈ పొద్దున దుకాణానికి పోతూ నా చేతిలో పెట్టాడు.

"రెండు కాయితాల మీద అవ్వతోని ఏలిముద్ర ఏపియ్యి. సిరిసిల్ల నుంచి అన్న అచ్చి సంతకం గూడ వెట్టి పోయిండు. పదకొండింటికి అచ్చి తీస్కపోత."

"రెండోది ఏంది?"

"సబ్సిడీ రావాలంటే గిట్లనే రాస్తరు. నేనడిగితే అవ్వ నూరు పశ్నలేస్తది. నువ్వు సదువుకున్నదానివని నమ్ముతది."

మొదటిది మీటరుది. రెండోదాంట్లో 'ఇంటిపై నాకు గల హక్కును నా చిన్న కొడుకు రాజేందర్‌కు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని ఉంది. నేను రెండుసార్లు చదివిన నిబంధనల్లో ఎక్కడా ఇల్లు రాసిమ్మని లేదు.

నేను నోరు మూసుకుంటే పొగ పోతుంది, కుళాయిలో వేడినీళ్లొస్తాయి, ఇల్లు నా పిల్లలకే మిగులుతుంది. నోరు తెరిస్తే ఆయన వారాల తరబడి మాట్లాడడు, కంచం ముందు నుంచి లేచిపోతాడు. పైగా నన్ను చూసి నవ్విన మనిషి కోసం. నాకేం పోయింది అనుకుంటూనే ఇంకు డబ్బా తెరిచాను. నా చదువు పనికొస్తుందని ఈ ఇంట్లో ఇన్నేళ్లకు ఒకరికి తోచింది. చదవలేని మనిషి వేలు పట్టుకుని నొక్కించడానికి.

అత్తమ్మ అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. తంబాకు అంటిన బొటనవేలు చీరకు తుడుచుకుని, కాగితం వైపు చూడకుండానే చాపింది.

"యాడ ఏయాలె బిడ్డా?"

ఆ వేలు నా చేతిలోకి వచ్చింది. గట్టిగా, చల్లగా ఉంది. వదిలేశాను.

"ఆగు అత్తమ్మా. ముందుగాల చదువుత, ఇను."

రెండూ చదివాను. రెండోది మళ్లీ చదవమంది. చదివాను. చాటలోని ఆకు సర్దింది.

"పెద్దోడు పొలం తీస్కున్నడు. శిన్నోడు ఇల్లు తీస్కుంటుండు. నేనేడుండాలె?"

మీటరు కాగితం మీద తనే వేలు నొక్కింది. రెండోది నాలుగు మడతలేసి నడుముకున్న సంచిలో దోపుకుంది.

"నువ్వెందుకు సదివినవే? ఆడు నిన్ను ఊకుంటడా?"

గేటు ముందు బండి ఆగింది. రాజేందర్ దిగకుండానే చెయ్యి చాపాడు.

"ఏలిముద్రలు ఏపిచ్చినవా?"

"చదివి ఇనిపిచ్చిన" అన్నాను.