తెర మీద గురువులు

తమ్ముడి పెద్దకర్మకి ముందురోజు కంప్యూటర్‌కి అప్‌గ్రేడ్ పెట్టిన మహానుభావుడు విశాఖ మొత్తానికీ గుణశేఖర్ ఒక్కడే అయ్యుంటాడు. ఇంట్లో అంతా ఏడుస్తున్నారు. అతనికి ఏడుపు రావడం లేదు. ఊరికే కూర్చోలేక ఫిషింగ్ హార్బర్ రోడ్డులోని తన డీటీపీ షాపు తెరిచి, పత్రికతో ఉచితంగా వచ్చిన కొత్త లినక్స్ సీడీ వేశాడు. పాత సెట్టింగులు ఉంచాలా, మార్చాలా అని మధ్యలో అడిగితే, సరిగ్గా చదవకుండానే మార్చమన్నాడు. మళ్లీ ఆన్ చేస్తే బొమ్మలు లేవు, మౌసు బాణం లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పాస్‌వర్డ్ అడుగుతున్నాయి.

పోయిన తమ్ముడు గురువులు ఫొటో అందులోనే ఉంది. బోటు ఇంజన్ డ్రైవరుగా వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. బోటు చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. ఇక రాడని పెద్దలు తేల్చేశారు. శవం లేదు గనక ఫొటోకే దండ వేసి కర్మ జరిపించాలి. పెద్దయ్యాక వాడు దిగిన ఫొటో అదొక్కటే. కొత్త డిజిటల్ కెమెరా ఎలా ఉందో చూద్దామని ఈ షాపులోనే గుణశేఖర్ తీశాడు.

అక్క మొగుడు సన్యాసిరాజు మధ్యాహ్నం నుంచీ పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. గుణశేఖర్ పాస్‌వర్డ్ కొట్టి, లోపలున్న ఫైళ్ల పేర్లు తెర మీదికి తెప్పించాడు.

“ఏటి శేఖరూ, ఫొటో పోనాదేటి?”

“పోనేదు బావా. అదిగో, ఆడి పేరు కనిపిత్తంది సూడు.”

“పేరుంటే సరా? మొకం ఏదిరా? రేపు పంతులొచ్చీతలికి ఫ్రేము కట్టించాల.”

హార్డ్‌డిస్కు విప్పి పక్కవీధి నెట్ సెంటర్‌లో పెట్టిస్తే చిటికెలో పని. ఆ సంగతి గుణశేఖర్‌కి తెలుసు. అయినా కీబోర్డే దగ్గరికి లాక్కున్నాడు.

డెస్క్‌టాప్‌ని లేపే కమాండ్ కొట్టాడు. తెర మిణుకుమని మళ్లీ నల్లబడింది. తెరకి బొమ్మనిచ్చే వీడియో కార్డును పోల్చుకోలేకపోయానని కింద రాసింది. తీరా వెతికితే, అప్‌గ్రేడ్ పాత సెట్టింగుల ఫైలును పారేయలేదు, వేరే పేరుతో పక్కన పెట్టింది. దాన్ని తెచ్చి మళ్లీ దాని చోట పెట్టాడు. వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. తమ్ముడు పోయాడన్న మాట మాత్రం ఇంకా లోపలికి దిగలేదు.

సన్యాసిరాజు బీడీ కాల్చుకోవడానికి బయటికెళ్లాడు. గుణశేఖర్ మళ్లీ కమాండ్ కొట్టాడు.

ఈసారి నీలం తెర వచ్చింది. ఫోల్డర్లు వచ్చాయి. ఫొటో తెరిచాడు. కాలరు సర్దుకుంటూ, “బేగి తియ్యి అన్నియ్యా, బోటెల్లిపోతాది” అంటున్నప్పటి మొహం. నోరు సగం తెరిచే ఉంది.

బాణాన్ని ప్రింట్ మీదికి జరిపాడు. కాగితం మీదికి దిగితే దండ పడుతుంది. దండ పడితే సాయంత్రం పూట అమ్మ హార్బర్ గట్టుకెళ్లి వాడి కోసం ఎదురుచూస్తూ నిలబడడం మానుకోవాలి. అమ్మకి తోడు వెళ్తున్నానని చెప్పుకునే తనూ మానుకోవాలి. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేనంతగా.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. గుణశేఖర్ చెయ్యి చాచి మానిటర్ ఆపేశాడు.

“అయిందేటి?”

“నేదు బావా. ఇంకా బొమ్మ రానేదు.”

సన్యాసిరాజు అతని తడిసిన మొహం వంకా, ఆపేసిన తెర వంకా చూశాడు.

“అయితే పంతుల్ని రేపు రావొద్దని సెప్పొత్తాను,” అని చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు.