పద్నాలుగో వరుస

సూదిలో దారం మూడోసారి కూడా ఎక్కలేదు. కొసను నోట్లో తడిపి, కిటికీ వైపు తిరిగి, ఒక కన్ను మూసి చూసినా ఆ బెజ్జం ఉన్నట్టే ఉండి లేకుండా పోతోంది. ఇక లాభం లేదని ఆమె సూదుల దిండు తీసుకెళ్లి జిప్పులక్క ముందు పెట్టింది. జిప్పులు మార్చడంలో ఆవిడకు ఎదురు లేదు కనుక ఆ బట్టల దుకాణం వెనక గదిలో ఆవిడ అందరికీ జిప్పులక్కే. రోజూ పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి ఆ దిండుకు గుచ్చి ఇస్తుంది. ఆ పదీ అయ్యేదాకా ఆమె ప్యాంట్ల అంచులు మడిచి కుట్టగలదు. ఇవాళ మధ్యాహ్నం కాకముందే పదీ అయిపోయాయి. మనసంతా నాలుగింటి మీదుంటే దారాలు తెగక ఏం చేస్తాయి?

"నాలుగింటికేగా తేలేది?" అంది జిప్పులక్క, సూది మీంచి కళ్లెత్తకుండా.

అవునంది ఆమె.

భర్త ప్రింటింగ్ దుకాణం పెడతానన్నప్పటికే అప్పులిచ్చేవాళ్ల దగ్గర ఆయన పేరు చెడిపోయి ఉంది. అందుకని కాగితాలన్నీ ఆమె పేరున రాయించాడు. "సంతకమే కదా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. నిజమే, పోవడానికి అప్పటికి ఆమెకు సొమ్మంటూ ఉంటేగా. దుకాణం రెండేళ్లయినా నడవలేదు. నాలుగు చోట్ల చేసిన అప్పు మాత్రం ఆమె పేరు మీద నిక్షేపంగా నడుస్తోంది. చివరికి ఎవరో చెబితే, ఇలాంటి అప్పులకు రాజీ కుదిర్చే ఆఫీసుకు వెళ్లింది. అక్కడి సలహాదారు ఓపిగ్గా అన్నీ రాసుకుని దారి చూపించాడు. ఐదేళ్లపాటు నెలనెలా ఇంతని కడితే మిగతాది మాఫీ. కానీ మొత్తం అప్పులో కనీసం ముప్పాతిక వంతు ఇచ్చినవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వ్యవహారం కోర్టుకెక్కుతుంది, జీతంలో కోత పెట్టమని దుకాణం యజమానికి కాగితం వస్తుంది. పోయినేడు కటింగ్ మాస్టారికి అలాంటి కాగితమే వస్తే, నాకెందుకొచ్చిన తలనొప్పి అని యజమాని ఆయన్ని మర్నాడే పంపించేశాడు. ఇంట్లో జీతమంటూ వచ్చేది ఆమెకొక్కదానికే. అది కూడా పోతే నలుగురూ గాలి భోంచెయ్యాలి.

ఒకటిన్నరకు సలహాదారు ఫోన్ చేశాడు. ఆమె మెట్ల కిందికి వెళ్లి మాట్లాడింది. ముగ్గురు ఒప్పుకున్నారట. అందరికంటే పెద్ద అప్పు ఇచ్చినవాళ్లు మాత్రం ఇంటి ఖర్చుల పట్టిక తిప్పి పంపారట.

"పద్నాలుగో వరుసమ్మా. మీ సొంత ఖర్చులు. అక్కడ సున్నా ఉంది. సున్నాతో మనిషి ఐదేళ్లు బతకదు, రెండో ఏడు వాయిదాలు ఆగిపోతాయి, అందుకని మేం ఒప్పుకోం అంటున్నారు. నాలుగులోపు సరిచేసి పంపాలి. వాయిదా తగ్గకూడదు. ఇక్కడ ఎంత వేస్తే అంత ఇంకో వరుసలో తియ్యాలి. వేసింది నిజంగా ఖర్చు పెట్టాలి కూడా. ఏడాదికోసారి రసీదులు చూస్తారు."

ఫోన్ పెట్టేసినా ఆమె అక్కడే నిలబడింది. ఆ సున్నా ఎలా పడిందో కళ్లకు కట్టింది. ఇంట్లో భోజనాల బల్ల మీద భర్త ఆ పట్టిక నింపాడు. ఆయన అక్షరాలు ముత్యాలే, కాదనడానికి లేదు. అద్దె, కరెంటు, పాప ఫీజు, అత్తగారి మందులు. తొమ్మిదో వరుసలో ఆయన పేరున 'ఉద్యోగం కోసం తిరిగే ఖర్చు'. అందులో సిగరెట్లున్నాయి, స్నేహితుల టీలున్నాయి, ఫోన్ ఉంది. ఉద్యోగం ఒక్కటే లేదు. "మగాడన్నాక బయట తిరగాలి గదా" అన్నాడు. పద్నాలుగో వరుసకొచ్చేసరికి కలం ఆగింది. అత్తగారు పక్కనుంచి అందుకుంది: "దానికేం ఖర్చురా? మనతోపాటే తింటుంది, మనింట్లోనే ఉంటుంది." ఆయన గుండ్రంగా సున్నా చుట్టాడు. ఆ వేళ ఆమెకు కష్టమనిపించలేదు సరికదా, లోలోపల గర్వపడింది. చూశారా, నా కోసం పైసా తీసుకోను, అంతా మీకే కడతాను అని అప్పులవాళ్లతో చెప్పినట్టనిపించింది. మొగుడు మెచ్చే గుణం అప్పులవాళ్లు కూడా మెచ్చుకుంటారనుకుంది. పదహారేళ్లుగా అదే నాణెం చెల్లింది మరి, చెల్లని చోటు ఒకటుంటుందని ఎవరు చెప్పారు? ఆమెకు ఏ ఖర్చూ లేదంటే ఇంతవరకూ అనుమానపడ్డవాళ్లు లేరు. అనుమానపడ్డది ముక్కూ మొహం తెలియని అప్పులవాళ్లు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

భర్తకు ఫోన్ చేసింది. ఆయన నిద్రలో ఉన్నాడు. "ఏదో ఒక అంకె వేసి పారెయ్. కాగితం మీదేగా" అని పెట్టేశాడు.

ఏ అంకె? మిషన్ దగ్గర కూర్చుని, కొలతలు రాసే చీటీ వెనక 'నా ఖర్చులు' అని రాసి ఆగిపోయింది. తనకంటూ ఆఖరున ఏం కొనుక్కుంది? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఒంటి మీది బట్ట ఆడపడుచు వద్దన్నది. చెప్పులు పాప కాలికి బిగుతైనవి. ఇంటిల్లిపాదికీ చొక్కా కాలర్ సైజుతో సహా తెలిసిన మనిషికి తన లెక్క దగ్గర చెయ్యి కదల్లేదు. ఏ ఖర్చూ లేని మనిషి అసలు ఉన్నట్టా, లేనట్టా అనిపించి భయం వేసింది.

జిప్పులక్క చీటీ వైపు తొంగి చూసి, దారం ఎక్కించిన సూది ఆ కాగితం మీదే పెట్టింది. "ముందు కళ్లజోడు రాయి తల్లీ. రేపు నేను మానేస్తే నీకు దారమెవరు ఎక్కిస్తారు?"

కళ్లజోడు అని రాసింది. మూడు నెలలుగా లవంగం పెట్టి నోరు మూయిస్తున్న దవడ పన్ను. సాయంత్రం ఇంటికి బస్సు, పొద్దున నడవగలదు గానీ పది గంటలు కూర్చున్నాక మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మధ్యాహ్నం ఒక టీ. టీ రాయడానికి సిగ్గేసి కొట్టేసింది, కొట్టేసి మళ్లీ రాసింది. మొత్తం కూడితే సరిగ్గా తొమ్మిదో వరుసలో సగమైంది. పాప ఫీజు తగ్గించలేదు, అత్తగారి మందులు తగ్గించలేదు. తొమ్మిదో వరుసే తగ్గించింది. చీటీ మీద ఆ రెండు వరుసలూ సరిచేసి రాసి సంతకం చేసింది. ఫోటో తీసి పంపింది.

నాలుగైంది. నాలుగుంబావు అయింది. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని, ఒక ప్యాంటు అంచును తిరగేసి కుట్టి, విప్పి మళ్లీ కుట్టింది. నాలుగున్నరకు సలహాదారు ఫోన్ చేశాడు. ఒప్పుకున్నారట. సంతోషం రాలేదు. ఐదేళ్లు. అరవై వాయిదాలు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. ఆ బరువంతా తలకెత్తినట్టయింది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికెళ్లింది. టికెట్టు మడిచి పర్సులో దాచింది.

సంగతి విని భర్త ఒళ్లు విరుచుకున్నాడు. గండం గడిచిందన్నాడు. తొమ్మిదో వరుస సంగతి కూడా ఆమె దాచకుండా చెప్పింది. ఆయన మొహం మాడింది గానీ, అంతలోనే తేరుకున్నాడు. "సర్లే, వాళ్ల కోసం అలా వేశావు. ఆ డబ్బు నెలనెలా నా చేతికిచ్చెయ్. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది."

అత్తగారు లోపల్నుంచి, "అంతేగా మరి, దానికేం ఖర్చు?" అంది.

ఆమె చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"మీకిచ్చిన మాటైతే తప్పేదాన్నేమోనండీ" అంది. "ఇది అప్పులవాళ్లకిచ్చిన మాట. ఐదేళ్లపాటు నేను బతికే ఉన్నానని వాళ్లకు రసీదులు చూపించాలి."