ఖాళీ బీడీలు

అత్త శంకరవ్వ చుట్టిన బీడీని నర్మద విప్పి చూసింది. లోపల తంబాకు లేదు. పక్కది విప్పింది, అదీ ఖాళీయే. మెట్‌పల్లిలో శంకరవ్వ చేతి బీడీకి వంక పెట్టే టేకేదారు, కట్టలు జమచేసుకుని కూలి ఇచ్చేవాడు, మొన్నమొన్నటిదాకా లేడు. అలాంటి మనిషి పొద్దున్నుంచి తునికాకు కత్తిరించి, చుట్టి, దారం బిగించి, గాలిని కట్టలు కడుతోంది. చేతులు మాత్రం ఎప్పటిలాగే చకచకా ఆడుతున్నాయి.

మళ్లీ ఇలాంటి కట్టలొస్తే ముసలిదాని బీడీ కార్మికుల కార్డు రద్దు చేయిస్తానని టేకేదారు రాయమల్లు రెండు వారాల కింద చెప్పిపోయాడు. ఆ కార్డు పోతే అత్త బతకదని నర్మద భయం. అందుకే అప్పట్నుంచి ఖాళీవన్నీ విప్పి, తంబాకు పోసి తనే మళ్లీ చుడుతోంది. ఇప్పుడు ఆమెకూ కంటి మీద కునుకు లేదు.

శంకరవ్వ ఎనిమిదో ఏటనే బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. అప్పటి నుంచి కోడి కూయకముందే లేవడం, అందరూ పడుకున్నాక ఆకు తడపడం. కునుకొస్తే కళ్లకు నీళ్లు కొట్టుకునేది. ఆమె కంటినిండా నిద్రపోవడం కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్లలో నర్మద చూడలేదు. ఏళ్ల తరబడి నిద్ర చాలనివాళ్లకు ముసలితనంలో మతి తప్పే ప్రమాదం ఎక్కువంటున్నారని, ఈమె విషయంలో అదే కారణమని కచ్చితంగా చెప్పలేనని, ఇకనైనా నిద్రపోనివ్వమని డాక్టరు చెప్పాడు. నిద్రపోనివ్వడానికి నర్మదకేం అడ్డు? పండుకోమంటే అత్త వింటేగా.

మధ్యాహ్నం శంకరవ్వ చేతులు ఆగాయి. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అవ్వా, జర పండనా? కట్టలు అయినయ్. కొట్టవు గదా?"

ఎప్పుడో పోయిన తల్లిని తనలో చూస్తోందని తెలిసి నర్మదకు ఏడుపొచ్చింది. నేను నీ కోడలినని చెప్పబోయి మానుకుంది.

"పండు బిడ్డా. మిగిలినయి నేను చూస్కుంట."

శంకరవ్వ గోడవైపు తిరిగి, కాళ్లు ముడుచుకుని చాప మీద ఒరిగింది. నర్మదకు ఎంత సంతోషమో. మస్కట్ నుంచి మొగుడు పంపిన ఫోనులో మోగుతున్న పాటలు ఆపేసింది. పక్కింటి కమలవ్వ వస్తే, అత్తమ్మ పండుకుందని గుమ్మంలోనే సైగ చేసి పంపింది. రాయమల్లును రేపు రమ్మంది. దీపాలు పెట్టే వేళకు లేపుదామని భుజం మీద చేయి వేస్తే ఒళ్లు చల్లగా తగిలింది.

తాను ఒప్పుకున్నది ఇంత నిద్రకు కాదని నర్మద ఏడ్చింది. చాప పక్కన, అత్త లేచి తాగుతుందని పళ్లెంతో మూసి పెట్టిన చాయ గ్లాసు అలాగే ఉంది.