మందాకిని మౌనము

శ్రావణమేఘములు సముద్రముపై వ్రాలి దిగంతమును మ్రింగివేయగా భీమునిపట్టణపు వీథులు పట్టపగలే సంధ్యాకాలమును తలపించుచుండెను. ఉప్పుగాలి కవాటములను తట్టి తట్టి పోవుచుండెను. అట్టి యొక మధ్యాహ్నమున తిరుమలాంబ తన యన్నకూతురగు మందాకిని బడినుండి వచ్చి గోడవైపు మొగము త్రిప్పుకొని కదలక కూర్చుండుట చూచి నిశ్చేష్టురాలయ్యెను.

ఏలయన ఆ గోడచెంతనే ఆ రీతినే ఆమె తమ్ముడు పేరిశాస్త్రి యొకప్పుడు కూర్చుండెడివాడు. గురువు నోరు తెఱవకమునుపే లెక్క తేల్చగల యా సూక్ష్మబుద్ధి నిత్యము నెక్కములే వల్లెవేయవలసివచ్చి మొదట నవ్వెను, నవ్వినందులకు దెబ్బలు తినెను, పిదప మూగవోయెను. మందబుద్ధి యని యెల్లరు నిశ్చయించిన యా బాలుడు పదునాఱవ యేట నొకనాడు సముద్రతీరమునకు పోయి మఱి తిరిగి రాలేదు. నాటినుండి యలల హోరులో ఎక్కము లప్పగించు కంఠధ్వని యామెకు వినవచ్చుచునే యుండెను.

"బళ్ళో నోరు విప్పటం లేదట, ఏమే తల్లీ?"

"మేష్టారు అడిగేది నాకు ముందే తెలుసత్తా. తెలిసిందే రోజూ చెబుతుంటే నేనక్కడ లేనట్టుంటుంది," అనియెను ఏడేండ్ల యా పసికూన.

ఆ మాట శీతలశల్యమై గుండెలో నాటుకొనగా, పరపురుషుల యెదుట నిలిచి పలికి యెఱుగని యా వితంతువు వానలో తడియుచు పాఠశాలకు పోయి ఉపాధ్యాయుడగు అప్పలాచార్యుల ముందు నిలిచెను.

"పిల్ల మొద్దు కాదు బాబూ. దాని ఆకలికి మీరు పెట్టేది చాలటం లేదు."

"తరగతి నిండా పిల్లలేనమ్మా. ఒక్కదానికోసం పాఠం మార్చలేను."

"మా తమ్ముడి గురువుగారూ ఆ మాటే అన్నారు. వాడిప్పుడు లేడు."

మఱునాడు బడి విడిచిన పిమ్మట ఆచార్యుడు మందాకినిని కూర్చుండబెట్టుకొని అడ్డమునకెన్నో నిలువునకన్ని వరుసలుగా గవ్వలు నింపి రెండు సమానమగు చదరములు పేర్చి చూపెను. "ఎన్ని గవ్వలైనా తీసుకో. ఇలాంటి జంట చదరాలు రెండూ కలిపేసి, ఒక్కటీ మిగలకుండా, తగ్గకుండా ఒకే చదరం చెయ్యి," అనెను.

నాటినుండి బాలిక యన్నము మఱచెను. "ఒక గవ్వ మిగిలిపోయిందత్తా!" అని యొకపరి, "ఇప్పుడొకటి తక్కువయింది!" అని యొకపరి కేకలువేయుచు తుదకు వెక్కివెక్కి యేడ్చెను. తిరుమలాంబ భయవిహ్వలయై గురువుకడకు పరువెత్తెను.

"అది కుదురుతుందా బాబూ?"

"ఎన్నటికీ కుదరదమ్మా. ఎందుకు కుదరదో తెలుసుకోవాలంటే దానికి ఏళ్ళు పట్టవచ్చు. అందుకే ఇచ్చాను."

క్రోధముతో నింటికి మరలిన యామెను ద్వారముకడనే మందాకిని కౌగిలించుకొనెను. చెక్కిళ్లపై కన్నీరింకను ఆఱలేదు. కన్నులు మాత్రము వెలుగుచుండెను.

"అత్తా, ఇది నాకు రావటం లేదు! ఇంకా గవ్వలు కావాలి. చాలా కావాలి!"

తమ్ముడు పోయినది మొదలు తిరుమలాంబ సముద్రతీరమున పాదము మోపి యెఱుగదు. ఆమె క్షణకాలము నిలిచి బాలిక చేయి పట్టుకొని వీథి దిగెను. తీరమున నలలు నల్లగా లేచి వచ్చి తడియిసుకపై గవ్వలు విడిచి వెనుదిరుగుచుండెను. ఆమె వంగి ఒక్కొక్కటిగా ఏరి పిల్ల ఒడిలో నింపుచుండెను.