మిషను మీద గుడ్డ

"ఈపాలైనా ఆ పిల్ల కడుపు నిలబడతాదంతావా?"

అమ్మణ్ణి ఈ మాట అన్నప్పటికి ఏమీ జరగలేదు. బర్మామైన్స్‌ అనే హిందీ బస్తీలోని వాళ్ల రెండుగదుల ఇంట్లోకి పొద్దుటి ఎండ గడప దాటి వచ్చి కుట్టుమిషను కాళ్ల దగ్గర ఆగింది. మొగుడు గణపతిరావు గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. ఫోను మోగలేదు, ఎవరూ తలుపు కొట్టలేదు. అయినా ఆవిడ మిషను తొక్కడం ఆపి, తలెత్తి, మొగుడి ముఖంలోకి చూసి మరీ అడిగింది.

"నిన్నే కదే దానితోటి మాటాడినావు? బాగున్నానని సెప్పింది కదా?"

"సెప్పింది. గొంతే బాగునేదు. ముక్కుతోటి మాటాడినట్టుంది."

"జలుబు సేసుంతాది."

"జలుబంతే జెరం వత్తాది. జెరమొత్తే కడుపులో పిల్లకి తగులుతాది. ఎంత సులువుగా జలుబనేసినావు!"

గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మా కంపెనీలో సేఫ్టీ ఆఫీసరువి కావాల్సిందే. బోల్టు ఊడకముందే సైరను కొట్టేద్దువు."

అమ్మణ్ణికి నవ్వు రాలేదు. మళ్లీ మిషను తొక్కింది.

భయపడడానికి ఆవిడ దగ్గర కారణం లేకపోలేదు. ఒక్కగానొక్క కూతురు బిందుప్రియ. టెల్కో కాలనీలో క్వార్టర్సు, అల్లుడు హరికిరణ్‌కి ట్రక్కుల ప్లాంటులో ఉద్యోగం. అన్నీ బాగానే ఉన్నాయనుకుంటుండగా కిందటేడు ఏడో నెలలో బిడ్డ పోయింది. అప్పటికే బీరువాలో ఒక అర నిండా చిన్న చిన్న జుబ్బాలు, టోపీలు, మేజోళ్లు, అమ్మణ్ణి కుట్టిన బొంత. ఆసుపత్రి నుంచి వచ్చిన బిందుప్రియ వాటినన్నిటినీ ఒక్కొక్కటే మడతపెట్టి, ఊడ్చే మనిషి చేతిలో పెట్టి పంపేసింది. కంట్లో చుక్క లేదు. అది చూసిన అమ్మణ్ణికి, పిల్ల ఏడ్చి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

మళ్లీ నెల తప్పాక బిందుప్రియ తల్లి చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకుంది. "మేరీ కసమ్ అమ్మా, నా మీద ఒట్టు. పిల్లో పిల్లోడో చేతికొచ్చే దాకా ఒక్క పోగు కూడా కుట్టకు. కళ్లబడితే నేను తట్టుకోలేను." ఇప్పుడు మళ్లీ ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందని, మంచం దిగొద్దని, మనసుకి ఏ కష్టమూ తగలనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఒట్టయితే వేసింది గానీ, అమ్మణ్ణికి రెండోవైపు భయం పట్టుకుంది. వాళ్ల వైపు, పుట్టిన బిడ్డను కొత్తగుడ్డ మీద పడుకోబెట్టరు. ఇంట్లో వాళ్లు కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీరల బొంత మీదే వేస్తారు. ఆ బొంత పూటలో అయ్యేది కాదు. ముక్కలు ఏరాలి, అతకాలి, పొర మీద పొర వేసి ఆ చివర నుంచి ఈ చివరికి చేత్తో సన్నటి కుట్లు వేసుకుంటూ పోవాలి. బిడ్డ పుట్టాక మొదలెడితే బిడ్డ పాకే నాటికి పూర్తవుతుంది. కుడితే ఏం ముంచుకొస్తుందో అని ఒక భయం. కుట్టకపోతే, తనకోసం ఎవరూ ఎదురుచూడలేదని ఆ బిడ్డ అలిగి వెనక్కి తిరిగిపోతుందేమోనని ఇంకో భయం.

ఆ రెండు భయాల మధ్య అమ్మణ్ణి ఒక దారి కనిపెట్టింది. బొంత మొదలుపెట్టింది, కానీ దాన్ని బొంత అనలేదు. "మిషను మీద కప్పడానికి గుడ్డ" అంది. మొగుడికి అదే చెప్పింది. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా గాల్లో ఎవరో వింటున్నట్టు, "ఇది నీకేనమ్మా, దుమ్ము పడకుండా" అని మిషనుతో పైకే అనేది. పని అయ్యాక నిజంగానే దాన్ని మిషను మీద కప్పేది. అబద్ధం అబద్ధంలా కనపడకూడదు కదా.

పైగా దాని ఒక్కదాని మీదే కూర్చునేది కాదు. ఫాలు వేయాల్సిన చీరలు ఒక పక్క, బాగ్‌బేరా రైల్వే కాలనీ పెళ్లివాళ్ల జాకెట్లు ఇంకో పక్క, పిల్లల డాన్సు ప్రోగ్రామ్‌కి పావడాలు మరో పక్క. ఒక్కోరి పని ఒక్కో పాత చున్నీలో మూట. బాబిన్‌లో దారం అయిపోతే, కొత్తది ఎక్కించే ముందు మిషను మీది గుడ్డకి నాలుగు కుట్లు. కరెంటు పోయి ఇస్త్రీ ఆగిపోతే ఇంకో నాలుగు. ఇలా దొంగచాటు కుట్లతో పనులన్నీ కలిసి ఒక్కటీ తెమిలేది కాదు. పెళ్లివాళ్ల జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది.

ఆ పూట పావడాల ఆఖరి అంచుకి లేసు కుట్టడం అయిపోయింది. అవి తనుశ్రీవి. ఆ బెంగాలీ పిల్ల కాలనీ పిల్లలకి డాన్సు నేర్పుతుంది, బిందుప్రియ వాళ్ల కింది ఇంట్లోనే ఉంటుంది. "ఇదిగో, మద్దేన్నం బి షిఫ్టుకి ఎల్లేటప్పుడు ఆ పసుప్పచ్చ మూట తనుశ్రీకి ఇచ్చెయ్యి. పైకెల్లి బిందూకి అది సెప్పు ఇది సెప్పు అనకు, పిల్లకి ఆయాసం" అని మొగుడికి చెప్పి, మూట ఇంకా ముడి వేయకుండానే బొంత చేతిలోకి తీసుకుంది. ఒక మూలకి కుట్లు మిగిలిపోయాయి, అంతే.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో సూరమ్మ గొంతు. "ఓలమ్మ, అమ్మణ్ణీ! ఉన్నావేటే?"

పక్కింటి సూరమ్మ మంచిదే. కానీ ఆ కళ్లు పడ్డ పాలు విరిగిపోతాయని అమ్మణ్ణి గట్టి నమ్మకం. బొంతను గబగబా చుట్టి, ఒళ్లో దాచనా, మంచం కిందకి తొయ్యనా అనుకుంటూ, చేతికి అందిన పావడాల మధ్యలోకి కుక్కేసి చున్నీ ముడి బిగించింది.

"ఏటే అది, అంత కంగారుగా కడుతున్నావు?"

"తనుశ్రీ గుడ్డలొదినా. డాన్సుకి."

"నువ్వేటి, సెమటలు పట్టేసినావు? సుగరు సూపించుకున్నావా? మా ఆడబిడ్డకీ ఇలాగే పట్టినాయి, మూడో రోజుకి మంచమెక్కింది." సూరమ్మ చాప లాక్కుని కూర్చుంది. ఆడబిడ్డ మంచం నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పురుళ్ల వార్డుకి వెళ్లి, అక్కడెవరికో ఏమైందో చెప్పడం మొదలెట్టింది. అమ్మణ్ణి వినకూడదనుకుంటూనే ప్రతి మాటా విన్నది. ఆ కథ మధ్యలోనే గణపతిరావు చెప్పులు వేసుకుని, మూట బండికి తగిలించి, "వత్తన్నా" అని వెళ్లిపోయాడు. సూరమ్మ కథలో గర్భిణికి రక్తం ఎక్కిస్తున్నారు. అమ్మణ్ణి తల కూడా ఎత్తలేదు.

సూరమ్మ లేచి వెళ్లాక మిషను వైపు చూసింది. మిషను బోసిగా ఉంది. అప్పుడు తెలిసింది.

"అయ్యయ్యో," అంది.

మొగుడికి ఫోను చేసింది. మోగుతూనే ఉంది. కంపెనీ గేటు లోపలికి వెళ్తే ఫోను లాకరులో పెట్టేస్తాడు. తనుశ్రీకి చేసింది. ఆ పిల్ల మొదటి రింగుకే ఎత్తింది.

"ఆంటీ! పావడాలు ఎంత సుందర్‌గా వచ్చాయో! ఔర్ వో ఛోటా వాలా, ఆ చిన్న బొంత తో, క్యా బోలూఁ! బిందూ బేబీ కోసమే నా? నేనే పైకి వెళ్లి ఇచ్చేశా."

"ఇచ్చేసినావా? బిందూ ఏటన్నాది? క్యా బోలీ?"

"కుఛ్ నహీఁ బోలీ, ఆంటీ. అలాగే చూస్తూ కూర్చుంది. నాకు క్లాసు ఉంది, వచ్చేశా."

ఏమీ అనలేదు. కిందటేడు కూడా ఏమీ అనలేదు. అమ్మణ్ణి కూతురికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. చీరకి గుచ్చిన గుండుసూదులు తియ్యలేదు, మెళ్లో కొలత టేపు తియ్యలేదు. తలుపుకి తాళం వేసి, వేశానో లేదోనని వెనక్కి వచ్చి లాగి చూసి, ఆటో ఎక్కింది.

దారి పొడుగునా ఆవిడ కళ్ల ముందు ఒక్కటే. పిల్లకి బీపీ పెరిగింది, కళ్లు తిరిగాయి, మంచం దిగబోయి పడింది. ఇంట్లో ఎవరూ లేరు, అల్లుడు డ్యూటీలో. ఎదురుగా అంబులెన్సు ఒకటి వస్తే అది టెల్కో నుంచే వస్తోందనుకుంది. "బయ్యా, జల్దీ" అంది ఆటోవాడితో. వాడు జల్దీ నడిపితే, "అరే ధీరే, గిర్ జాయేగా!" అని నెమ్మదించమంది. వాడు వెనక్కి తిరిగి చూసి, "మాఁ జీ, ఏదో ఒకటి ఫైనల్ చెయ్యండి" అన్నాడు హిందీలో.

మెట్లెక్కి వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. గడియ ఎందుకు లేదు? తోసింది.

బిందుప్రియ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. బొంత ఒళ్లో ఉంది. ఫోను పక్కనే బోర్లించి ఉంది.

"ఫోనెత్తవేటే? పేనాలు పోయినాయి నాకు."

అమ్మణ్ణి చూపు బొంత మీద పడింది.

"అది... అది మిషను మీద గుడ్డేనమ్మా. దుమ్ము పడతందని. మీ నాన్న సూసుకోకుండా తెచ్చేసినాడు."

బిందుప్రియ తలెత్తలేదు. బొంత మీద వేలు పెట్టి ఒక కుట్టు వెంబడి నడిపిస్తోంది. అమ్మణ్ణి మంచం పట్టె మీద కూర్చుంది.

"మీ నాన్ననెందుకు అనాలి? నానే కుక్కినాను అందులో. సూరమ్మ సూడకూడదని. కుట్టింది కూడా నానే. నీ మీద ఒట్టేసి కూడా కుట్టినాను. నువ్వు సూడకుండా ఉంచుదామనే అనుకున్నాను. పుట్టినాక తెద్దామని. నాకు బయమేసింది తల్లీ. కుడితే బయం, మానితే బయం. నీకు తలనొప్పిగా ఉందేటి? కళ్లు మసకలేమైనా?"

కింద షిఫ్టు బస్సు ఆగి వెళ్లింది. ఎవరింట్లోనో కుక్కరు కూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది, గోడ మీద క్యాలెండరు కొట్టుకుంటోంది. అమ్మణ్ణి కూతురి ముఖం, కూతురి పొట్ట, మళ్లీ ముఖం చూసింది. ఊపిరి సరిగానే పీల్చుకుంటోందా, ఎక్కువ పీల్చుకుంటోందా?

"పట్టుకెల్లిపోతాను. ఇలా తే." అంచు పట్టుకుని మెల్లగా లాగింది.

బిందుప్రియ వదల్లేదు. గట్టిగానే పట్టుకుంది. తల్లి వదిలేసింది.

"ఏదోటి అనే. తిట్టు. తీసెయ్యమంతే తీసేత్తాను. సువర్ణరేఖ ఏట్లో ఇసిరెయ్యమంతే ఇసిరేత్తాను. నువ్వలా మాటాడకుండా కూకుంతే నాను సూడనేనమ్మా. ఉంచనా, తీసెయ్యనా? ఒక్క మాట సెప్పు."

ఎండ కిటికీ చువ్వల మీంచి జరిగి మంచం కోడు దాకా వచ్చింది. అమ్మణ్ణి ఇంక అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని నోరు మూసుకుంది. కిందటేడు బీరువా ముందు నిలబడ్డప్పుడు కూడా ఈ పిల్ల ఇలాగే ఉంది, సరిగ్గా ఇలాగే. ఇప్పుడు లేస్తుంది, మడతపెడుతుంది, ఊడ్చే మనిషిని పిలుస్తుంది.

బిందుప్రియ కదిలింది. బొంతను ఒళ్లోంచి తీసి పక్కమీద పరిచింది. నాలుగు మూలలూ లాగింది. మిగిలిపోయిన మూల దగ్గర సూది ఇంకా వేలాడుతుంటే, దాన్ని తీసి జాగ్రత్తగా గుడ్డకే గుచ్చింది. తర్వాత అరచెయ్యి చాపి, ఈ చివర నుంచి ఆ చివరికి జానలు పెట్టింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అమ్మణ్ణి చీర కొంగు పిడికిట్లో నలుపుకుంటూ చూస్తోంది.

"ఛోటా పడ్ జాయేగా, అమ్మా," అంది బిందుప్రియ. నిజంగానే జలుబు చేసిన గొంతు. "బిడ్డ ఎదగదేటి మరి? ఇంకో రెండు వరసలు కలుపు."