నల్లకండ్ల పూలకు గొంగడి

“ఇయ్యాల రాళ్లవాన వడ్తది సూడు. ఒక్క పువ్వు మిగలదు,” అంది బీరమ్మ.

అప్పటికింకా చినుకైనా పడలేదు. షాద్‌నగర్ దిక్కు ఓ మబ్బుతునక నల్లబడిందంతే. అరుగుమీద ఉన్ని చిక్కు తీస్తున్న బీరప్ప, ఆ మబ్బు నీ మాట వినే ఇటు మళ్లుతుందేమోనంటూ భార్యను చూసి నవ్వాడు.

బీరమ్మకు నవ్వు రాలేదు. ఇంటి పక్క జాగాలో బిడ్డ పుష్ప పెంచిన మడి అది. నర్సరీ వాళ్లు బ్లాక్ ఐడ్ సూసన్ అంటారు. బీరమ్మకు అవి నల్లకండ్ల పూలు. పసుపువి, ఇటుకరంగువి, ఎండుమిరప ఎరుపువి. అన్నిటికీ నడిమధ్య నల్లటి బొడిపె. తెల్లారితే నర్సరీ యజమాని దివాకర్ చూడటానికి వస్తాడు. రంగులు నచ్చితే పుష్పకు అక్కడ పని. లేకుంటే మళ్లీ ఆ మందుల కంపెనీయే. ఆ వాసనకు తల పగిలిపోతోందని పిల్ల ఏడవని వారం లేదు.

పుష్ప డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. బీరమ్మ మడి దగ్గరికి వెళ్లింది, వాకిట్లోకి వచ్చింది, మళ్లీ వెళ్లింది. గాలి లేచేసరికి ఇక ఆగలేక, దండెం మీది గొంగళ్లు తెచ్చి పూలమీద కప్పేసింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను వానలో కాచే గొంగడి పూలను కాయదా అనుకుంది.

రాళ్లు పడలేదు. సన్నటి ముసురు మాత్రం పొద్దుగూకేదాకా పట్టింది. ఆ నీళ్లన్నీ తాగి ఉన్ని బండలా బరువెక్కింది.

బస్సు దిగి వచ్చిన పుష్ప గొంగడి ఎత్తి చూస్తే, కాడలన్నీ నడుములు విరిగి పడున్నాయి. కత్తెర తెచ్చి, విరిగినవాటిని కోసి బకెట్ నీళ్లలో వేయసాగింది.

బీరమ్మ వెనకే నిలబడి రాళ్లవాన అనుకున్నానంది. దివాకర్‌ను తానే బతిమిలాడతానంది, కాళ్లయినా పట్టుకుంటానంది.

“జర తిట్టనన్న తిట్టు బిడ్డా.”

పుష్ప ఇంకో కాడ కోసి బకెట్లో వేసింది. పిల్ల ఇక తనతో మాట్లాడదని, అన్నం ముట్టదని, ఏ అఘాయిత్యమో చేసుకుంటుందని బీరమ్మ బెంబేలెత్తింది. బీరప్ప లోపలికి పిలిచినా ఇద్దరూ కదల్లేదు.

చివరి మొక్క మొదలును వేళ్లతో తడిమి చూసి పుష్ప లేచింది.

“వేర్లు గట్టిగనే ఉన్నయే అమ్మా, మళ్ల చిగురేస్తయ్. రంగులు సూసెటందుకు సార్‌కు గీ బకెట్ల పూలు సాలు. ఇంకోపారి మబ్బు వడితె గొంగడి నువ్వు కప్పుకో, పూలకు గాదు.”